గూట్ల బోర్లించిన కాగితం కప్పు

నా పేరు మా ఇంట్ల పుట్టింది కాదు. ఒక నవల్లకెళ్లి తెచ్చిండు మా నాన్న. ఆ నవల వారపత్రికల సీరియల్‌గ వచ్చే రోజులల్ల నాన్నకు ఇంకా పెండ్లి సుత కాలేదు. సికింద్రాబాద్ స్టేషన్ల పార్సెల్ ఆఫీసుల కొత్తగ చేరిన గుమాస్తా. పత్రిక వచ్చే రోజు పొద్దున్నే బుక్‌స్టాల్ ముంగట నిలబడి, వాళ్ళు కట్ట విప్పంగనే మొదటి కాపీ తీసుకునెటోడంట. ఆడపిల్ల పుడితె ఆ నవల్ల నాయిక పేరే పెట్టాలని, మా అమ్మ ఎవరో తెలవకముందే అనుకున్నడు.

ఆ పేరేందో నేను ఇక్కడ చెప్ప. చెప్తె నవల తెలుస్తది, నవల తెలిస్తె రాసినాయన ఎవరో తెలుస్తది. అంత పెద్దమనిషి పరువు తీస్తె నాకొచ్చేదేం లేదు.

నాకు బాప్తిస్మం ఇచ్చిన రోజు చర్చిల పెద్ద లొల్లయిందంట. పాస్టరు అయ్యగారు ఇదేం పేరయ్యా, బైబిల్లో ఉన్నది ఒకటి చెప్పు అన్నరంట. నాన్న నన్ను రెండు చేతులల్ల పట్టుకొని, ఈ నవల్లో ఆమెకన్నా మంచి మనిషి బైబిల్లో ఎంతమంది ఉన్నారో చూపించండి అయ్యగారూ, ఆ పేరే పెడతాను అన్నడంట. వెనకకెళ్లి అమ్మ ఆయన అంగీ పట్టి గుంజుతుంది, సంఘపెద్దలు ముక్కు మీద వేలేసుకున్నరు. చివరికి రిజిస్టర్ల ఒక బైబిలు పేరు రాసుకున్నరు. మీ పుస్తకంల మీ పేరు ఉండనీయండి, మా ఇంట్లో మాత్రం ఇదే అని నాన్న నన్ను ఎత్తుకొని వచ్చేసిండు. ఆ రిజిస్టర్ పేరుతోని నన్ను ఒక్కలు సుత పిలవలేదు. స్కూల్ల, ఆఖరికి పెండ్లి కార్డుల సుత నాన్న పెట్టిన పేరే.

మా నాన్నది గుంటూరు దిక్కు ఊరు. ఇక్కడికి వచ్చి ఇన్నేండ్లయినా ఆ దిక్కు భాష పోలే. నేను పుట్టింది పెరిగింది సీతాఫల్‌మండిల. మేమిద్దరం మాట్లాడుకుంటుంటె కొత్తోళ్ళు తండ్రీబిడ్డలమంటె నమ్మరు. నాన్న మెత్తటి మనిషి. నాకు ముక్కు మీదనే కోపం. నేను తెలుగు చెప్పే స్కూల్ల పిల్లలు నన్ను మిర్చి మేడం అంటరని నాకు తెల్వదనుకుంటరు.

అంత మెత్తటి మనిషి ఒక పేరు కోసం అయ్యగారితోని ఎందుకు కొట్లాడిండంటె, ఆ నవల్ల ఒక పేజీ ఉన్నది. ఆ నాయిక పెద్దింటి కోడలు. ఎండకాలంల మామతోని బండిల పోతుంటది. రోడ్డు పక్కన ఒక ఆడమనిషి కంకర కొడుతుంటది. వీళ్ళ బండి నీడ సుత తగలకూడదని దూరం జరుగుతది. కోడలు బండి దిగుతది. ఆ మనిషి దగ్గరున్న నీళ్ళ ముంత అడిగి తీసుకొని, మామ చూస్తుండంగనే మూతి పెట్టి గటగట తాగుతది. పమిటతోని మూతి తుడుచుకొని, నీళ్ళు చల్లగున్నయని ఒక్క మాటంటది. గంతే. ఉపన్యాసం ఉండదు, ఏడుపు ఉండదు.

ఆ పేజీ నాన్నకు నోటికి వచ్చు. ఎందుకంత ఇష్టమని చిన్నప్పుడు అడిగితె, మా ఊళ్ళో హోటల్లో మాకు గ్లాసులు వేరే ఉండేవమ్మా అన్నడు. అంతకు మించి ఎన్నడూ చెప్పలే. నేనూ అడగలే. ఆ పేజీ రాసిన చెయ్యి మా నాన్నను మనిషిని చేసిందని మాత్రం నాకు సమజయింది. నా పేరు మీద నాకు మస్తు గర్వం ఉండేది.

అమ్మ పోయినంక నాన్న నా దగ్గరనే ఉంటున్నడు. షుగరుతోని చూపు తగ్గింది. పొద్దుమూకి నేను స్కూల్లకెళ్లి వచ్చినంక ఏదో ఒకటి చదివి వినిపిస్త. విన్నంత సేపు విని, చాయ్ తాగి, తడుముకుంట వంటింట్లకు పోయి తాగిన గ్లాసు తనే కడిగి గూట్ల బోర్లిస్తడు. ఇది ఈ మధ్య అలవాటు కాదు. అమ్మ ఉన్నప్పటికెళ్లి అంతే. మా ఆయన తాగిన గ్లాసు నాకు కడగనివ్వడని అమ్మ వాడకట్టు ఆడోళ్ళ ముందు గొప్పలు చెప్పుకునేది. మేం సుత అట్లనే మెచ్చుకునెటోళ్ళం.

పోయిన ఏడు ఆ రచయిత పద్మారావు నగర్‌ల ఫ్లాటు తీసుకొని దిగిండని తెలిసింది. నా క్లాసుల ఒక పిల్ల వాళ్ళ అమ్మ అదే అపార్ట్‌మెంటుల ఉంటది, ఆమె చెప్పింది. నేను ఇంటికొచ్చి చెప్తె నాన్న మంచం మీద లేచి కూచున్నడు. ఇంత దగ్గర ఉన్నారా అన్నడు. నేను నంబరు సంపాయించి ఫోన్ చేసిన. పెద్దాయన గొంతు ఎంత తియ్యగున్నదో. ఆదివారం రమ్మన్నరు.

శనివారం నాన్న మోండా మార్కెట్‌కు వస్తా అన్నడు. కండ్లు సరిగ కనిపించవు, ఆ గుంపుల నడువలేవు అన్నా వినలే. బత్తాయిలు ఒక్కొక్కటి చేతుల పట్టుకొని బరువు చూసుకుంట, తొక్క నొక్కి చూసుకుంట ఏరిండు. బండాయన పరేషాన్ అయిండు. తెల్లారి చర్చి నుంచి బత్తాయిలు పట్టుకొని సక్కగ పెద్దాయన ఇంటికే పోయినం. నాన్న ఇస్త్రీ తెల్లచొక్కా వేసుకున్నడు. చేతుల ఆ నవల మొదటి ప్రింటు, అట్ట వేసినది. సంతకం పెట్టించుకోవాలని.

పెద్దాయన మంచిగనే కూచోబెట్టిండు. నా పేరెందుకు అదయిందో నాన్న చెప్తుంటె చేతులు జోడించి విన్నడు. అయితే నువ్వు నా కూతురివే అమ్మా అని నా దిక్కు చూసి అన్నడు. నాన్నకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. నాకూ ఏదో అయింది, అబద్ధమెందుకు.

తర్వాత ఏ ఊరండీ మీది అని అడిగిండు. నాన్న ఊరి పేరు చెప్పిండు. మా మేనత్త వాళ్ళది ఆ పక్క ఊరే, నాకు బాగా తెలుసు, ఊళ్ళో ఎటు వైపు అన్నడు పెద్దాయన.

"పేటలోనండీ. ఊరవతల చర్చి పక్కన."

పెద్దాయన ఓహో అన్నడు. ఎటు వైపు అని ఎందుకు అడుగుతరో నాకు తెల్వదా? తెలుసు. కానీ నేను ఆ రోజు నవల రాసినాయన ముందు కూచున్న. గందుకే చెవుల పడ్డది బుర్రలకు పోలేదు. ఆయన లేచి లోపలికి పోయి వచ్చిండు. కొంచెం సేపటికి వాళ్ళింటామె చాయ్ తెచ్చింది. ఆయనకు బంగారు అంచు ఉన్న పింగాణీ కప్పు. మా ఇద్దరికి కాగితం కప్పులు, మీద నీలం పువ్వులు. పెద్దామె, గిన్నెలు తోముకోలేక పెట్టుకున్నరేమో అనుకున్న. కరోనా అప్పటి అలవాటేమో అని సుత అనుకున్న. మనసుకు ఇష్టమైనోళ్ళ కోసం మనమే సాకులు వెతికి పెడ్తం.

పుస్తకం మీద నాలుగు మంచి ముక్కలు రాసిస్తా, వారం ఆగి తీసుకుపోండి అన్నడు పెద్దాయన. లేచేటప్పుడు నేను నా కప్పు కింద చెత్తబుట్టల వేసిన. నాన్న తన కప్పును జేబురుమాల్ల చుట్టి జేబుల పెట్టుకున్నడు. ఇంటికి వచ్చినంక దాన్ని కడిగి, ఆరబెట్టి, తన మంచం పక్కన పుస్తకాలు పెట్టుకునే గూట్ల బోర్లించిండు. నాకు నవ్వొచ్చింది, ముద్దొచ్చింది. మా నాన్న ఆ కప్పును దేవుని ప్రసాదంలెక్క దాచుకున్నడని చర్చిల స్త్రీల సమాజంల అందరికీ చెప్పిన. ఎవరన్నా ఇంటికి వస్తె చూపించిన. చూసేటోళ్ళ కోసం నేను కప్పును నిలబెడితె, వాళ్ళు పోయినంక నాన్న చేత్తోని తడిమి మళ్ళ బోర్లించెటోడు.

వారం ఆగి స్కూల్లకెళ్లి అటే పోయిన, పుస్తకం తెచ్చుకుందామని. హాల్ల ఇద్దరు పెద్దమనుషులు కూచున్నరు. ఒకాయన ప్రచురణకర్త, ఇంకొకాయన కాలేజీల తెలుగు చెప్పి రిటైరైనాయన. పెద్దాయన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్తుండు. నన్ను చూసి, రా అమ్మా, ఈ అమ్మాయి నా నవల్లోంచి వచ్చింది అని వాళ్ళకు పరిచయం చేసిండు. వాళ్ళు మురిసిపోయిన్రు. చాయ్ వచ్చింది. పళ్ళెంల మూడు బంగారు అంచు కప్పులు. ఒక్క కాగితం కప్పు. నీలం పువ్వులు.

వాళ్ళింటామె మూడు కప్పులు చేతులకిచ్చింది. నాది స్టూలు మీద పెట్టింది.

అప్పుడు గుచ్చుకున్నది. ఎటు వైపు అన్నది, ఓహో అన్నది, లేచి లోపలికి పోయింది, అన్నీ ఒక్కసారి గుచ్చుకున్నయి. నేను నోరు మూసుకొని వచ్చే రకం కాదు.

"సర్, నాకు సుత ఆ కప్పుల ఇప్పించండి" అన్న.

రిటైరైనాయన తన కప్పు లోపలికి చూసుకుంటుండు. పెద్దాయన ముఖంల కోపం లేదు, సిగ్గు లేదు. తెల్వని పిల్లకు పాఠం చెప్పినట్టు మెల్లగ అన్నడు.

"ఏమీ అనుకోకమ్మా. పుస్తకం వేరు, ఇల్లు వేరు."

ఇన్నేండ్లల్ల ఎంతమంది ఎన్ని తిట్లు తిట్టిన్రో నన్ను, ఏదీ ఇంత తాకలే. ప్రచురణకర్త గొంతు సవరించుకొని, పెద్దవారు కదా మేడం, ఆ తరం అంతే, మనమే సర్దుకుపోవాలి అన్నడు.

"మా నాన్నది సుత అదే తరం సార్" అన్న.

పుస్తకం బల్ల మీదనే ఉన్నది. తీసుకున్న. చాయ్ ముట్టలే. కింద గేటు కాడ వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టి, మేడం, మొన్న మీరు తెచ్చిన బత్తాయిలు పైనోళ్ళు మాకే ఇచ్చిన్రు, మస్తున్నయ్, పిల్లలు మంచిగ తిన్నరు అన్నడు. నాన్న ఒక్కొక్కటి నొక్కి చూసి ఏరిన బత్తాయిలు. వాళ్ళన్న తిన్నరు, ఆ పిల్లలు సల్లగుండాలె. ఆటోల కూచొని సీతాఫల్‌మండి దాక ఏడ్చిన.

ఆటోలనే పుస్తకం తెరిచిన. నా కూతురికి ఆశీస్సులతో అని రాసి సంతకం పెట్టిండు. అక్షరాలు ముత్యాలే.

నాన్నకు చెప్పాల్నా వద్దా? అదొక్కటే తిరిగింది బుర్రల. ఎనభై దగ్గరికొచ్చిన మనిషి. చూపు పోతుంది, అమ్మ పోయింది, తోటోళ్ళు ఒక్కొక్కరే పోతుండ్రు. ఆయనకు మిగిలిన ఆస్తి ఆ పేజీ. దాన్ని నేనెట్ల గుంజుకుంట? ఇంటికి పోంగనే నాన్న, ఆయన రాసింది చదువు అన్నడు, చదివిన. చాలా పెద్ద మనసమ్మా అనొచ్చని భయపడ్డ. పుస్తకం తీసుకొని గూట్ల ఆ కప్పు పక్కన పెట్టిండు. నేను పప్పు మాడిపోతుందని వంటింట్లకు ఉరికిన.

స్కూల్ల నాతోని పనిచేసే ఇంగ్లిష్ టీచరుకు చెప్పిన. ఆమె మంచి మనిషే. లోకంల ఏ గొప్ప రచయిత చరిత్ర తీసినా గిట్లనే ఉంటది, ఒకాయన పెండ్లాన్ని కొట్టిండు, ఒకాయన పిల్లలను వదిలేసిండు, మనకు రాత ముఖ్యం, మనిషి కాదు, వేరు చేసి చూడాలె అన్నది. ఆ మాట నేనూ ఎన్నోసార్లు పిల్లలకు చెప్పిన. చెప్పుడు ఎంత సులువో! నీకు అక్కడ ఏ కప్పుల ఇస్తరో తెలుసా అని అడిగిన. ఆమెకు బంగారు అంచుదే ఇస్తరు, ఇద్దరికీ తెలుసు. ఆ కప్పుల తాగుకుంట వేరు చేసి చూడుడు కష్టమేం కాదు. నేను వేరు చెయ్యాలంటె నా పేరును నా నుంచి కోసి తియ్యాలె.

ఆదివారం మధ్యాహ్నం నాన్న పండుకున్నంక ఆ నవల ముందేసుకొని కూచున్న. తప్పులు వెతుకుదామని. కపటంతోని రాసిన వాక్యం ఒక్కటన్నా దొరుకుతదని ఆశ. పరీక్ష పేపరు దిద్దినట్టు వాక్యం వాక్యం చూసిన. దొరకలే. ముంత తీసుకునే ముందు ఆమె చెయ్యి జెర ఆగుతది, ఆ ఆగుడు సుత నిజం. ఎప్పటిలెక్కనే ఆ పేజీ కాడ ఆగి మళ్ళ మొదటికెళ్లి చదివిన. దానికి ఇంకా కోపమొచ్చింది. ఒక్క ముంత నీళ్ళు తాగకుంట, ఆ నీళ్ళు ఎంత చల్లగుంటయో ఈయనకెట్ల తెలిసింది? తెలిసీ ఎట్ల తాగకుంట ఉన్నడు? చెడ్డ రాతయితె పారేసి ఊపిరి పీల్చుకుందును. మంచి రాత రాసి మోసం చేసిండు.

క్రిస్మస్ ముందు మా ఇండ్లల్ల సున్నాలు, రంగులు షురూ అయితయి. నాన్న గది దులుపుతున్న. గూడు ఖాళీ చేస్తుంటె ఆ కప్పు చేతికొచ్చింది. ఇంత కోపమొచ్చింది, నలిపి చెత్తల పడేసిన. తుడిచి పుస్తకాలు మళ్ళ సర్దిన. నాన్న చర్చికెళ్లి వచ్చి మంచం మీద కూచొని, అలవాటుగ గూట్ల చెయ్యి పెట్టి తడిమిండు.

"ఇక్కడ కప్పు ఉండాలే" అన్నడు.

ఇగ నా నోరు ఆగలే. అంతా కక్కేసిన. బంగారు అంచు కప్పులు, కాగితం కప్పు, పుస్తకం వేరు ఇల్లు వేరు, బత్తాయిలు, అన్నీ. చెప్పినంక భయమయింది. ఈ మనిషికి ఏమన్నా అయితదేమో అని ఆయన చేతులు పట్టుకున్న. నాన్న నా చేతుల మీద మెల్లగ తట్టిండు.

"నాకు తెలుసమ్మా. కాగితం చేతికి తగలగానే తెలిసింది."

మరి ఎందుకు తెచ్చుకున్నవు నాన్నా, ఎందుకు దాచుకున్నవు అని అడిగిన. ఆయన తలుపు దిక్కు చూసుకుంట చెప్పిండు. వాళ్ళ ఊరి హోటల్ బయట గోడకు ఒక గూడు ఉండేదంట. పేట వాళ్ళ గ్లాసులు అండ్ల ఉండేవి. చాయ్ పైకెత్తి పోస్తరు. తాగినంక ఎవరి గ్లాసు వాళ్ళే కడిగి, మళ్ళ అదే గూట్ల బోర్లించాలె. మరిచిపోతె తిట్లు. చిన్నప్పుడు ఒకసారి బోర్లించకుంట వస్తె వాళ్ళ నాయన ముందర హోటలాయన నాన్న చెవి మెలిపెట్టిండంట. ఆ రోజు నుంచి తాగిన గ్లాసు ఎక్కడా వదల్లేనమ్మా, చెయ్యి దానంతటదే కడిగేస్తుంది అన్నడు.

అమ్మ గొప్పలు గుర్తొచ్చినయి. స్త్రీల సమాజంల నేను చెప్పుకున్న కథ గుర్తొచ్చింది. ఈ ఇంట్ల ఇన్నేండ్లు ఆయన బోర్లించిన గ్లాసులన్నీ కండ్ల ముందట తిరిగినయి.

ఇగ నేనే అడిగిన. ఆ పేజీ చదవాల్నా నాన్నా అని. ఎప్పుడు మనసు బాగా లేకపోయినా అదే చదవమనెటోడు గదా.

"వద్దమ్మా. ఇప్పుడా ముంత ఎత్తుతుంటే, పక్కన ఆయన కప్పే కనబడుతుంది."

రాత్రి అన్నం సరిగ తినలే. తెల్లారి నేను వంటింట్ల ఉన్న. గదిల నుంచి నాన్న ఎవరినో పిలుస్తున్నడు. మందుల కోసం పక్కింటామె వచ్చిందేమో అనుకున్న. మళ్ళ పిలిచిండు. అప్పుడు సమజయింది. చర్చి రిజిస్టర్ల రాసి ఉన్న బైబిలు పేరు. నన్నే.

తడి చేతులతోనే పోయి మంచం ముందర నిలబడ్డ.

"నా పేరు అది కాదు నాన్నా" అన్న.

"అదీ నీ పేరేగా. అయ్యగారు పెట్టారు."

"అయ్యగారు ఒకటి రాసుకున్నరు. ఆ నవల రాసినాయన ఇంకొకటి రాసుకున్నడు. నన్ను చేతులల్ల పట్టుకొని కొట్లాడింది మాత్రం నువ్వు. నా పేరు పెట్టింది నువ్వే నాన్నా, ఆయన కాదు. పిలువు."

నాన్న నోరు తెరిచిండు. పెదవులు మొదటి అక్షరం దాక వచ్చి ఆగినయి. మళ్ళ ప్రయత్నం చేసిండు. తర్వాత ముఖం పక్కకు తిప్పుకొని, కాస్త టీ ఇస్తావా అమ్మా అన్నడు.

స్టీలు గ్లాసుల పోసి తెచ్చిన. మెల్లగ తాగిండు. తాగి, గ్లాసు పట్టుకొని, గోడ ఆసరాతోని వంటింటి దిక్కు లేవబోయిండు. నేను అడ్డం నిలబడి చెయ్యి చాపిన. ఇక ఈ ఇంట్ల నువ్వు గ్లాసు కడగొద్దు, ఇటియ్యి అన్న. నాన్న వేళ్ళు గ్లాసును గట్టిగ పట్టుకున్నయి. నేను చెయ్యి తియ్యలే.

గ్లాసైతె ఇచ్చిండు. పేరు పెట్టి పిలుసుడు మాత్రం ఇంకా కాలేదు.